గదులు ఖాళీ లేవట!

రెండు రోజుల సెలవు దొరికితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వారికి మొదట గుర్తొచ్చే మహానగరం బెంగళూరు. మదనపల్లె వారు చింతామణి మీదుగా, పుంగనూరు వారు ముళబాగిలు, కోలారు మీదుగా, కుప్పం వారు రైలెక్కి బంగారుపేట మీదుగా పూటలోపే అక్కడికి చేరుకుంటారు. బయలుదేరే ముందు ఏ ఇంట్లోనైనా జరిగే చర్చ ఒకటే: ఎక్కడ దిగాలి? ఇతరుల ఇళ్లలో ఈ చర్చ అద్దె ఎంత, గది శుభ్రంగా ఉంటుందా, బస్టాండుకు ఎంత దూరం అన్న విషయాల చుట్టూ తిరుగుతుంది. మన ఇళ్లలో మాత్రం వీటన్నిటికంటే ముందు మరొక ప్రశ్న పుడుతుంది: మన పేరు చూసి గది ఇస్తారా?

ఈ ప్రశ్న మనకు అలవాటైపోయింది. అలవాటైపోవడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదమని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాము.

గత వేసవి సెలవుల్లో పుంగనూరుకు చెందిన మాకు తెలిసిన కుటుంబమొకటి పిల్లలకు లాల్‌బాగ్ చూపించాలని బయలుదేరింది. ఫోనులోనే గది ఎంచుకుని, సొమ్ము ముందుగానే చెల్లించారు. రాత్రి తొమ్మిదింటికి కౌంటరు వద్ద ఆధార్ కార్డులు ఇచ్చారు. అక్కడి యువకుడు పేర్లు చదివాడు, బురఖాలో ఉన్న తల్లిని చూశాడు, లోపలికి వెళ్లి వచ్చాడు. "సిస్టంలో పొరపాటు జరిగింది సార్, గదులు ఖాళీ లేవు" అన్నాడు. వీరు ఏం చేయాలో తోచక అక్కడే నిలబడి ఉండగానే, వెనుక వచ్చిన మరో కుటుంబానికి, ముందుగా గది తీసుకోకపోయినా, తాళం చెవి అందింది. ఆ రాత్రి వీరు శివాజీనగర్ చేరి, రెట్టింపు అద్దె ఇచ్చి తల దాచుకున్నారు. మరునాడు మాకు ఫోన్ చేసి ఆ తండ్రి చివర అన్న మాట: "పోనీలెండి భాయ్‌సాబ్, గొడవెందుకు?"

సొమ్ము వాపసు అడిగితే వచ్చిన జవాబు ఇంకా విచిత్రం. రికార్డులో "అతిథి రాలేదు" అని నమోదైంది కనుక సొమ్ము తిరిగి రాదట! గడప దాకా వెళ్లిన మనిషి కాగితం మీద అసలు రానేలేదు. కచేరీలో ఫైళ్ల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు దీని అర్థం బాగా తెలుసు. కాగితం మీద లేని అన్యాయం జరగనట్టే లెక్క. "గొడవెందుకు" అని మనం ఊరుకున్న ప్రతిసారీ ఆ తప్పుడు నమోదు కింద మనమే సంతకం పెడుతున్నాము.

రాజ్యాంగం ఈ విషయంలో ఏమీ దాచలేదు. 15వ అధికరణం రెండవ ఖండం ప్రకారం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్న కారణంతో మాత్రమే ఏ పౌరునికీ దుకాణాలలో, హోటళ్లలో ప్రవేశం నిరాకరించరాదు. ఇది ప్రభుత్వ భవనాలకు మాత్రమే చెప్పిన మాట కాదు, ప్రైవేటు యజమానికీ చెప్పిన మాట. దుకాణం అనే పదాన్ని సేవలు అందించే వారందరికీ వర్తించే విశాలార్థంలో వాడామని డాక్టర్ అంబేడ్కర్ 1948లోనే రాజ్యాంగ సభలో వివరించారు.

మరి లోపం ఎక్కడ? అంటరానితనం పాటించి హోటల్లోకి రానివ్వకపోతే 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం కింద జైలు, జరిమానా ఉన్నాయి. ఆ చట్టం అమలు ఎంత బలహీనమో దళిత సోదరులను అడిగితే చెబుతారు. అయినా శిక్ష అనేది పుస్తకంలోనైనా ఉంది. మతం పేరుతో గది నిరాకరించిన యజమానిని శిక్షించే ప్రత్యేక చట్టం మాత్రం నేటికీ లేదు. హక్కు ఉంది, హక్కును కాలరాసిన వానికి శిక్ష లేదు. ముస్లింలకు ఇల్లు అద్దెకు దొరకడం కష్టమవుతున్న సంగతిని 2006లో సచార్ కమిటీ నివేదిక ప్రస్తావించింది, సమాన అవకాశాల కమిషన్ ఏర్పరచాలని సిఫారసు చేసింది. ఆ కమిషన్ రూపురేఖలపై మాధవ మీనన్ నిపుణుల బృందం 2008లో నివేదిక ఇచ్చింది. ప్రభుత్వాలు మారాయి, ఆ కమిషన్ మాత్రం రాలేదు.

ఇది ఒక్క బెంగళూరు సమస్య కాదు. 2020 సెప్టెంబరులో మాల్దా జిల్లా మదరసా ఉపాధ్యాయులు విద్యాశాఖ పని మీద కోల్‌కతా సాల్ట్‌లేక్ చేరుకుని, ముందుగా తీసుకున్న వసతి గృహం నుంచి వెళ్లిపోవలసి వచ్చింది. చుట్టుపక్కల వారికి అభ్యంతరమన్నదే వారికి చెప్పిన కారణం. ఫిర్యాదు అందాక పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. ఫిర్యాదు చేశారు కనుకనే ఆ సంగతి దేశానికి తెలిసింది.

"మాకు ఏ ద్వేషమూ లేదండీ, మిగతా అతిథులు ఒప్పుకోరు" అన్న సాకుకు నూరేళ్లు దాటిన జవాబు ఒకటి ఉంది. 1893లో యువ న్యాయవాది గాంధీ జోహాన్నెస్‌బర్గ్‌లో పెద్ద హోటలుకు వెళితే మేనేజరు ఆయనను ఎగాదిగా చూసి గదులన్నీ నిండిపోయాయన్నాడు. ఆ రాత్రి ఆయనకు ఆశ్రయమిచ్చింది ముస్లిం వర్తకులు. తరువాత ప్రిటోరియాలో మరో హోటలు యజమాని గది ఇచ్చాడు గాని, తెల్లవారైన అతిథులు నొచ్చుకుంటారని భోజనం గదిలోనే చేయమన్నాడు. కాసేపటికి అతనికే సిగ్గనిపించి ఆ అతిథులను అడిగాడు. తమకే అభ్యంతరమూ లేదన్నారు వారు! ఇదంతా గాంధీజీ ఆత్మకథలో ఉంది. మన హోటలు యజమానులు ఏనాడైనా తమ అతిథులను ఇలా అడిగి చూశారా? తమ భయాన్ని అతిథుల నోట పెట్టి చెప్పడమే తప్ప, అడిగిన పాపాన పోలేదు.

ఇక మనవైపు చూద్దాం. ఊరెళ్లే వారికి "ఫలానా వీధిలోనే దిగండి, అక్కడ మనవాళ్ల లాడ్జీలున్నాయి" అని సలహా ఇస్తున్నాము. పసిపిల్లలతో రాత్రిపూట వీధిన పడకుండా ఈ సలహా కాపాడుతుంది, కాదనము. అమెరికాలో నల్లజాతి ప్రయాణికుల కోసం 1936 నుంచి గ్రీన్ బుక్ అనే పుస్తకం వచ్చేది. ఏ ఊళ్లో ఏ హోటలు తమవారికి గది ఇస్తుందో అందులో ఉండేది. అయితే ఆ పుస్తకం అవసరం లేని రోజు రావాలన్నదే దాన్ని ప్రచురించిన వారి ఆశ. 1964 పౌరహక్కుల చట్టం హోటళ్లలో వివక్షను నిషేధించింది. కొద్ది కాలానికే ఆ పుస్తకం ఆగిపోయింది. వారు జాబితా రాసుకుంటూనే చట్టం కోసం పోరాడారు. మనం జాబితా దగ్గరే ఆగిపోయాము.

కాబట్టి మా కోరికలు స్పష్టంగా చెబుతున్నాము. మతం, కులం కారణంగా వసతి నిరాకరించడాన్ని శిక్షార్హం చేస్తూ చట్టం రావాలి. అది వచ్చేలోగా మున్సిపాలిటీలు ఇచ్చే ట్రేడ్ లైసెన్సులో ఇదొక షరతుగా ఉండాలి. ఫోను ద్వారా గదులు అమ్మే సంస్థలు, సొమ్ము తీసుకున్నాక గది నిరాకరించిన హోటలును తమ జాబితా నుంచి తొలగించాలి.

ప్రయాణికులు చేయవలసిన పని కూడా ఉంది. గది లేదంటే కారణం రాసి ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే సమయం, తేదీ, చెల్లింపు రసీదు భద్రపరచి, అక్కడి నుంచే హోటలుకు, గది అమ్మిన సంస్థకు సందేశం పంపండి. "అతిథి రాలేదు" అన్న అబద్ధానికి అదే జవాబు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటనే కేసు వేయవచ్చు. అంటే బెంగళూరు హోటలు మీద మన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. రాసిపెట్టడానికి మావంటి పదవీ విరమణ చేసిన గుమాస్తాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

చివరగా మనకు మనం చెప్పుకోవలసిన మాట. ఖురాన్ బాటసారి పట్ల మంచిగా మెలగమని ఆదేశించింది, జకాత్‌లో అతనికి వాటా కేటాయించింది. మనవారి లాడ్జీలోగాని, ముసాఫిర్‌ఖానాలోగాని పేరు అడిగి, కులం అడిగి ఎవరినైనా తిప్పి పంపితే మనం చేసేదీ అదే తప్పు. ఆ తలుపు అందరికీ తెరిచి ఉంచి, ఇతరుల తలుపు తట్టుదాం.

లాల్‌బాగ్ తోటకు 1760లో అంకురార్పణ చేసిన హైదర్ అలీ కన్నుమూసింది మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనే. ఆయన నాటిన తోటను చూడబోయిన పుంగనూరు బిడ్డలకు ఆ ఊళ్లో ఒక రాత్రి గది కరువైంది. వచ్చే సెలవుల్లో ఆ కుటుంబం మళ్లీ వెళుతుంది. ఈసారి వారి చేతిలో ఫిర్యాదు ప్రతి ఒకటి ఉంటుంది. దానిని మేమే రాసి ఇచ్చాము.