పెద్దల గొంతును కుదించకండి

మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన ఫ్లోరైడ్ నీరు తాగి నడుములు వంగిన పెద్దలు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. ఏ బావి నీళ్లు తాగారో, కీళ్లు ఎప్పుడు బిగిశాయో వారి నోటనే వినాలి. కేసు షీటులో ఆ యాస, ఆ నిట్టూర్పు ఉండవు. అటువంటి మాటలున్న క్యాసెట్ మీ ఇంట ఉంటే ఆలస్యం చేయక కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుండి కంప్యూటర్ లైన్-ఇన్‌కు ఒక వైరు చాలు. ఆడాసిటీ ఉచితంగానే లభిస్తుంది. శబ్దసూచిక ఎరుపును తాకనీయకండి. అక్కడ పగిలిన ధ్వని మళ్లీ బాగుపడదు. (టేపుకు బూజు పట్టి ఉంటే ఉబ్బసం ఉన్నవారు దానిని ముట్టుకోకపోవడం మేలు.)

నా అభ్యంతరమంతా ఆ తరువాతి పని మీదనే. చాలామంది వెంటనే ఎంపీ3గా మార్చి అసలు ఫైలును చెరిపివేస్తారు. గంట మాటలు మోనోలో, వేవ్ ఫైలుగా 300 మెగాబైట్లకు పైగా ఉంటాయి. 64 కిలోబిట్ల ఎంపీ3లో 30 లోపే. చెవి పట్టించుకోదని లెక్కగట్టిన ధ్వనులను తీసివేయడం వల్లనే ఈ ఆదా. దానిని తిరిగి వేవ్‌గా మార్చినా పోయినవి రావు. ఎక్స్‌రేను ఫోనులో ఫొటో తీసి పంపుతాము, అంతమాత్రాన ఫిల్మును పారవేస్తామా? బంధువులకు ఎంపీ3 పంపండి, వేవ్‌ను రెండు చోట్ల దాచండి.

ఫైలు పేరులో ఊరు, సంవత్సరం తప్పక రాయండి. సజీవులై ఉన్నవారిని కొత్తగా రికార్డు చేస్తే, వారి సమ్మతిని మొదట వారి గొంతులోనే తీసుకోండి.