రంగును బట్టి చెప్పిన దూరం అంచనాయే, ఆ మాట రాయాలి

2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పంపిన తొలి చిత్రాల్లో సీయర్స్-93316 అనే మసక గెలాక్సీ కనిపించింది. రంగులను బట్టి లెక్కిస్తే దాని రెడ్‌షిఫ్ట్ 16 దాటింది. అంటే మహావిస్ఫోటం జరిగిన పాతిక కోట్ల సంవత్సరాలకే అది వెలుగుతోందన్నమాట. వార్తలు గుప్పుమన్నాయి. 2023లో అదే టెలిస్కోపుతో వర్ణపటం తీస్తే రెడ్‌షిఫ్ట్ 4.9 అని తేలింది. గెలాక్సీ దాదాపు వంద కోట్ల సంవత్సరాలు మనవైపు జరిగిపోయింది! 4.9 కూడా కావచ్చని కొందరు ఖగోళవేత్తలు ముందే రాశారు. శీర్షికల్లో మాత్రం ఆ ముక్క లేదు. నా అభ్యంతరం అక్కడే.

విశ్వం వ్యాకోచిస్తున్నకొద్దీ దూరపు గెలాక్సీల కాంతి సాగి ఎరుపు వైపు జరుగుతుంది. ఎంత జరిగిందో కచ్చితంగా తెలియాలంటే వర్ణపటంలో గీతలను గుర్తించాలి. మసక గెలాక్సీలకు అది గంటల పని. ఫిల్టర్లు మార్చి ఫొటోలు తీసి, ఏ రంగులో ఎంత వెలుగుందో పోల్చడం తేలిక. ముసలి నక్షత్రాలు నిండిన గెలాక్సీలో 400 నానోమీటర్ల దిగువన కాంతి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ మెట్టు ఏ ఫిల్టర్‌లోకి జరిగిందో చూస్తే దూరం అంచనాకొస్తుంది. 1960ల తొలినాళ్లలో విలియం బామ్ తొమ్మిది ఫిల్టర్లతో 3సి 295 గెలాక్సీ సమూహాన్ని పరిశీలిస్తే రెడ్‌షిఫ్ట్ 0.44 వచ్చింది. వర్ణపటం చెప్పింది 0.46. సమూహాల్లో ముసలి గెలాక్సీలే ఎక్కువ కాబట్టి అక్కడ ఈ పద్ధతి బాగా కుదురుతుంది.

ఒంటరి గెలాక్సీతోనే చిక్కు. బొగ్గు రైళ్లు తిరిగే మా బిలాస్‌పూర్‌లో చలికాలం రాత్రి యార్డు దీపాలు ధూళిలో ఎర్రబారతాయి. దీపాలేమీ దూరం జరగలేదు కదా! సీయర్స్-93316లోనూ ధూళి ఉంది. దానికితోడు వేడి వాయువుల్లోని ఆక్సిజన్, హైడ్రోజన్ గీతలు మరీ ప్రకాశంగా ఉండి రంగుల లెక్కను తారుమారు చేశాయి.

అలాగని పద్ధతిని తీసిపారేయలేం. అప్పుడే పరీక్షించిన మేసీ గెలాక్సీ 11.4 దగ్గర నిలబడింది, అంచనాకు దగ్గరగానే. చిలీలోని రూబిన్ వేధశాల పదేళ్లలో ఆరు ఫిల్టర్లతో దాదాపు 2000 కోట్ల గెలాక్సీలను నమోదు చేయాలనుకుంటోంది. అన్నిటికీ వర్ణపటాలు తీసే మార్గం లేదు. ఇకపై రంగుల అంచనాలే వార్తల్లో ఎక్కువగా వస్తాయి.

2017లో పుణె శాస్త్రవేత్తలు ప్రకటించిన సరస్వతి మహాసమూహానికి 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరం వర్ణపటాల ఆధారంగా వచ్చింది. రంగుల అంచనానూ మనం అదే ధీమాతో అచ్చేస్తున్నాం. 'రంగులను బట్టి అంచనా' అని రాసి, పక్కన హెచ్చుతగ్గుల హద్దు వేయడానికి చోటు చాలదంటే నమ్మను. క్రికెట్ స్కోరులో నాటౌట్ బ్యాటర్ పరుగుల పక్కన చుక్క గుర్తు వేయడం మనం ఏనాడూ మరవలేదు.