ఉచితం వేరు, అస్వామికం వేరు



గత ఉగాదికి మా సత్సంగం పక్షాన దైవచిత్రాలతో ఒక క్యాలెండరు ముద్రించాం. చైత్రాది ద్వాదశమాసాలకు పన్నెండు ఉత్సవమూర్తులు, ప్రతి మూర్తి వెనుక పసుపు వర్ణం. వెల నూరు రూపాయలు. సమకూరిన ద్రవ్యం అన్నదానానికి. చిత్రాలను సిద్ధపరచిన యువకుడు ఒక ఉచిత ఆన్‌లైన్ సాధనంలో ఒక్కొక్క ఫొటోను ఉంచగానే, వెనుకనున్న గోడ, విద్యుద్దీపాలు, జనసమ్మర్దం సమస్తం అదృశ్యమై మూర్తి మాత్రమే మిగిలేది. ఆ వింతను చూచి అందరికంటె అధికంగా సంతోషించినవాణ్ణి నేనే.

ప్రతులన్నీ చెల్లిపోయిన తరువాత ఒక ఛాయాచిత్రకారుడు ఫోను చేశాడు. పరుషంగా ఒక్క మాటా అనలేదు. “అయ్యగారూ, ఆషాఢమాసం పుటలో ఉన్న అమ్మవారి ఫొటో నేను తీసినదండి. కింద మూలగా నా పేరుండేది. గోడతో పాటు అదీ పోయినట్టుందండి” అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని ఆ సాధనపు నిబంధనలను మొదటిసారి ఆద్యంతం చదివాను. ఉచితవినియోగం వ్యక్తిగతావసరాలకే పరిమితమనీ, విక్రయించే వస్తువులకు రుసుము చెల్లించి అనుమతి పొందాలనీ అందులో స్పష్టంగానే ఉంది. ఒకే పుటలో రెండు అపరాధాలు జరిగాయి. అజ్ఞానకృతమని సరిపెట్టుకోవచ్చు. కానీ చదివే వీలుండి చదవకపోవడానికి పేరు ప్రమాదం, అనగా ఏమరుపాటు. సాధకునికి ప్రమాదం ఎంతటి శత్రువో సనత్సుజాతీయం శ్రవణం చేసినవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ అనుభవం వలన నేను విన్నవించదలచిన మాట ఒక్కటే. ఉచితంగా లభించినంత మాత్రాన ఏ వస్తువూ అస్వామికం కాదు. వేసవిలో చలివేంద్రం పెట్టిన పుణ్యాత్ముడు దాహార్తులందరికీ నీరిస్తాడు. ఎవరినీ వెల అడగడు. ఆ నీటినే బిందెలకెత్తుకొని పోయి సంతలో అమ్మితే, ఎవడూ అడ్డగించకపోయినా అది దొంగతనమే. దాత ఇచ్చినది తాగడానికి. ఆ అవధిని దాటినవాడు దానాన్ని స్వీకరించినవాడు కాడు, అపహరించినవాడు.

ఫొటోలలో బ్యాక్‌గ్రౌండును తొలగించే ఈ యంత్రం పని చేసే విధానాన్ని కించిత్ పరిశీలిస్తే, దాని వెనుక ఎందరి స్వామ్యం ఉన్నదో బోధపడుతుంది. చిత్రంలోని ప్రతి బిందువునూ యంత్రం పరీక్షించి, ఇది మూర్తికి చెందినదా, నేపథ్యానికి చెందినదా అని నిర్ణయిస్తుంది. కేశాగ్రాల వద్ద, పూలదండ అంచుల వద్ద పాక్షికమైన పారదర్శకతను కూడా లెక్కిస్తుంది. ఈ వివేచన దానికి స్వతస్సిద్ధం కాదు. మనుష్యులు హద్దులు గుర్తించి ఇచ్చిన చిత్రాలను చూచి నేర్చినది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించిన ‘యూ స్క్వేర్ నెట్’ అనే నమూనా 10,553 చిత్రాలతో శిక్షణ పొందింది. అన్ని చిత్రాలలోనూ ఏది ముఖ్యవస్తువో, దాని అంచు ఎక్కడున్నదో ముందుగా మానవహస్తాలే చూపాయి. మనం ఒక మీట నొక్కి క్షణంలో పొందే ఫలం వెనుక అంతటి పరిశ్రమ ఉంది. మన సంప్రదాయం దేవఋణం, పితృఋణాలతో పాటు ఋషిఋణాన్ని చెప్పింది. జ్ఞానాన్ని సంపాదించి మనకందించినవారికి మనం పడిన బాకీ అది. ఈ యంత్రవిద్య విషయంలోనూ ఆ భావన అన్వయిస్తుందని నా విశ్వాసం.

ఇక స్వామ్యం మూడు స్థానాలలో ఉంటుంది. ప్రథమం, సేవనందించే వెబ్‌సైటు. వియన్నా నగరంలో 2018లో ఆరంభమై 2021లో క్యాన్వా సంస్థ వశమైన రిమూవ్ డాట్ బీజీ సుప్రసిద్ధం. అది అల్పపరిమాణపు చిత్రాన్ని ఉచితంగా ఇచ్చి, పూర్ణపరిమాణానికి రుసుము తీసుకుంటుంది. మరికొన్ని సాధనాలు ఉచితచిత్రం మీద తమ ముద్ర వేస్తాయి. ఆ ముద్రను చెరిపివేసి వాడేవారున్నారని వింటున్నాను. అది బుద్ధిపూర్వకమైన దోషం.

ద్వితీయం, లోపల పని చేసే నమూనా. ‘రెమ్‌బీజీ’ అనే సాఫ్ట్‌వేరు ఎంఐటీ లైసెన్సు కింద లభిస్తుంది. వాణిజ్యానికీ నిషేధం లేదు. కానీ అదే సాఫ్ట్‌వేరులో వేర్వేరు నమూనాలను నడపవచ్చు. యూ స్క్వేర్ నెట్‌ను వాడితే దాని అపాచీ లైసెన్సు వ్యాపారాన్ని అనుమతిస్తుంది. బ్రియా సంస్థవారి ‘ఆర్‌ఎంబీజీ 2.0’ నమూనాను వాడితే, దాని ఉచిత లైసెన్సు వాణిజ్యేతర వినియోగానికే వర్తిస్తుంది. వ్యాపారానికి ఆ సంస్థతో ఒప్పందం కావాలి. పాత్ర ఒకటే, అందులోని పదార్థాన్ని బట్టి నియమం మారింది.

తృతీయం, మూలచిత్రం. భగవంతుడు సర్వులవాడే గాని, ఆయన చిత్రాన్ని రచించిన కళాకారుని పరిశ్రమ ఆ కళాకారునిది. రాజా రవివర్మ 1906లో కాలధర్మం చెందాడు. ఆయన చిత్రాలకు కాపీరైటు కాలం ముగిసి చాలా దశాబ్దాలైంది. మన బాపుగారు 2014లో పరమపదించారు. మనదేశంలో చిత్రకారుని జీవితానంతరం అరవై సంవత్సరాల వరకు హక్కు నిలిచి ఉంటుంది గనుక, ఆయన గీసిన సీతారాముల బొమ్మలకు 2074 అంతం వరకు హక్కుదారులున్నారు. అయినా ఆ బొమ్మల నేపథ్యం తీసివేసి శుభలేఖల మీద, సంచుల మీద ముద్రించి అమ్మడం మనకు అలవాటైపోయింది. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను, హక్కులను అమ్మివేసిన తరువాత సైతం, ఈ కృతికి కర్తను నేనని చెప్పుకునే అధికారాన్ని రచయితకు నిలిపి ఉంచింది. మాకు ఫోను చేసిన ఛాయాచిత్రకారుడు అడిగినది ప్రధానంగా అదే.

మా సత్సంగంలో ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు మూడు ఆక్షేపణలు వినబడ్డాయి. ధర్మకార్యానికి వాడాం గనుక ఇది వ్యాపారం కాదని మొదటిది. నేనూ కొంతకాలం ఈ తర్కాన్నే ఆశ్రయించాను. కానీ వాణిజ్యేతరమని చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వాడుతున్నది ఎవరు అని చూడవు. ఏ విధంగా వాడుతున్నారని చూస్తాయి. వెల కట్టి అమ్మినప్పుడు, అమ్మినది సత్సంగమైనా విక్రయం విక్రయమే. పైగా పరుల ద్రవ్యంతో చేసిన అన్నదానఫలం ఎవరికి చెందుతుందో విజ్ఞులు ఆలోచింతురు గాక.

ఈ యంత్రాలు సైతం ఎవరెవరి చిత్రాలనో అడగకుండా తీసుకొని నేర్చినవే గదా, వారిపట్ల మనకు నియమమేల అన్నది రెండవది. కొన్ని సంస్థల విషయంలో ఈ అభియోగం నిజం కావచ్చు. దానిని గట్టిగా ప్రశ్నించవలసిందే. అయితే పరుని అధర్మం మన అధర్మానికి అనుమతిపత్రం కాజాలదు. పతంజలి అస్తేయాన్ని పంచయమాలలో పరిగణించి, దేశకాలజాతి నిమిత్తాలతో సడలనప్పుడే ఆ యమాలు మహావ్రతమవుతాయన్నాడు. అవతలివాడు శుద్ధుడైతేనే నేను పాటిస్తానంటే అది వ్రతం కాదు, బేరం.

మూడవ ఆక్షేపణలో బాధ ఉంది. ఇంట్లో వత్తులు, కుంకుమభరిణెలు, పూజాద్రవ్యాలు సిద్ధం చేసి ఫోనులో బొమ్మలు పెట్టి అమ్ముకునే గృహిణి నెలనెలా రుసుము ఎక్కడ కట్టగలదు? ఈ ప్రశ్నను నేను తేలికగా తీసివేయలేను. కానీ ఆమెకు అధర్మం తప్ప గతి లేదనడం మాత్రం సరికాదు. పైన చెప్పిన రీతిలో వాణిజ్యాన్ని బాహాటంగా అనుమతించే ఉచిత సాధనాలున్నాయి. ‘గింప్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో చేతితో అంచులు కత్తిరించుకోవచ్చు; అందులో తయారైన చిత్రాన్ని అమ్ముకోవడానికి ఆటంకం లేదు. కంప్యూటరే లేనినాడు గోడకు తెల్లని వస్త్రం కట్టి, పగటి వెలుతురులో ఫొటో తీస్తే తొలగించవలసిన నేపథ్యమే ఉండదు. ఇటువంటివి ఆమెకు నేర్పడం మన బోటి సంఘాల కర్తవ్యం.

చివరగా ఒక మిత్రుడు చమత్కరించాడు: “నేపథ్యాన్ని తొలగించడం నేతి నేతి వంటిదే గదండీ!” అందరం నవ్వుకున్నాం గాని, ఆ మాట నన్ను వెంటాడింది. వేదాంతంలో అపవాదం చేత తొలగేది అధ్యారోపితమైనది, వస్తుతః లేనిది. రజ్జువు మీద సర్పభ్రాంతి తొలగితే ఎవరికీ నష్టం లేదు. మేము తొలగించినది అటువంటిది కాదు. ఒక మనిషి పేరు. తెల్లవారుజామున కెమెరా మోసుకొని కొండెక్కి నిలబడిన అతని శ్రమకు ఆ పేరొక్కటే గుర్తు.

ఆయన అడిగిన పారితోషికాన్ని సమర్పించాం. ఆ సాధనపు రుసుమునూ చెల్లించాం. అన్నదాననిధి ఆ మేరకు తగ్గిందని కొందరు చింతించారు. ఆ ధనం ఆదినుండీ మాది కాదని నా సమాధానం. రాబోయే ఉగాది క్యాలెండరుకు చిత్రాలు సిద్ధమవుతున్నాయి. ప్రతి చిత్రానికి మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాం: ఈ బొమ్మ ఎవరిది, ఈ యంత్రం ఎవరిది, అమ్ముకొమ్మని వారు అన్నారా? మూడింటికీ ఉత్తరం దొరకని చిత్రాన్ని పక్కన పెడుతున్నాం. ప్రస్తుతానికి ఏడు మాసాలకే మూర్తులు కుదిరాయి. ఆషాఢమాసం పుటలో మళ్లీ ఆ అమ్మవారే ఉన్నారు. కింద మూలగా ఆయన పేరుంది.

స్వస్తి.