ఫితూరీ ఎక్కడ మొదలైంది?

విప్లవం ఎలా పుడుతుందని మన కాలేజీలో ఎవర్నడిగినా ఠకీమని ఒకే జవాబొస్తుంది: సీతారామరాజు వచ్చాడు, మన్యం లేచింది. 1974లో కృష్ణ సినిమా వచ్చాక ఈ జవాబు మరీ గట్టిపడిపోయింది. రాజు మీద అభిమానంలో నేనెవరికీ తీసిపోను గానీ, ఈ జవాబు నాకు చాలదు. నాయకుడు వస్తేనే జనం లేచేటట్లయితే, ఉపన్యాసకులకు కొదవలేని ఈ దేశంలో పూటకో విప్లవం రావాలి!

పోనీ ఆకలే కారణమా? 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారు సొత్తయింది, తాతలనాటి పోడు నేరమైంది. అంతకుముందే, 1879లో, ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను పడేసరికి రంపలో పెద్ద ఫితూరీ లేచింది. తర్వాత చిన్నాచితకా ఫితూరీలు లేచి అణిగాయి. మరి మంట 1922లోనే ఎందుకు అంతెత్తున లేచింది?

నన్నడిగితే, మన ఊరి నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే రోడ్డును చూడమంటాను. డిసెంబర్లో మంచు చూడ్డానికి మనం జట్లు జట్లుగా పోయే దారే అది! గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ రోడ్డు పనికి గిరిజనుల్ని బలవంతంగా తోలాడు. కూలి సరిగ్గా ఇవ్వలేదు, ఎదురు మాట్లాడితే కొట్టించాడు. చట్టం ఎక్కడో మద్రాసులో ఉంటుంది. బాస్టియన్ మాత్రం కళ్లెదుటే ఉన్నాడు.

ఇంకొకటుంది. కొండల్లో సర్కారుకు చేతులుగా పనిచేసింది ముఠాదార్లు. వాళ్ల హక్కులు కూడా ఒక్కొక్కటీ ఊడిపోయాయి. గాం గంటందొర, మల్లుదొర సోదరులకు బాస్టియన్‌తో సొంత వైరమే ఉంది. అణిగినవాడి కోపానికి, నిన్నటిదాకా అణిచినవాడి అవమానం తోడైనప్పుడే అసలు ముప్పు. 1917లో పెట్రోగ్రాడ్ ఆడవాళ్లు రొట్టె కోసం వీధుల్లోకొచ్చారు. కాల్చాల్సిన సైనికులే వాళ్లలో కలిసేసరికి జారు గద్దె దిగాడు.

రాజు ఎండిన అడవిలోకే వచ్చాడు. కల్లు మానమన్నాడు, తగువులు పంచాయతీల్లో తీర్చుకోమన్నాడు. 1922 ఫిబ్రవరిలో గాంధీగారు సహాయ నిరాకరణ ఆపేశారు. ఆ ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరసగా పడ్డాయి. 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు చేతికొచ్చాయి. తీసుకున్నవాటికి లెక్క రాసి సంతకం చేసిపెట్టడం రాజుకే చెల్లింది! సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు కూలారు.

ఓడిపోవడానికి కారణమూ అక్కడే కనిపిస్తుంది. ముఠాదార్లంతా కలిసిరాలేదు. కింద మైదానంలో సర్కారు చేతులు బిగువుగానే ఉన్నాయి. మలబార్ పోలీసులొచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ దిగింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చేశారు.

మన యూనియన్ ఏటా జూలై 4న విగ్రహానికి దండ వేస్తుంది. వెయ్యాల్సిందే. ఈసారి దాంతోపాటు నలుగురు హిస్టరీ విద్యార్థుల్ని, ఒక నోటుపుస్తకంతో, లంబసింగి బస్సెక్కించమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. రోడ్డు పనికి తోలబడ్డవాళ్ల మనవలు ఆ ఊళ్లలో ఇంకా ఉన్నారు.