అనుమానానికి మందు వెలుగే

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో యవ్వనస్థులు గుమిగూడితే ఒకప్పుడు క్రికెట్ మాటలే వినిపించేవి. ఇప్పుడు వాటితోపాటు శనివారం అర్ధరాత్రి దాకా మేలుకొని చూసిన యూరప్ ఫుట్‌బాల్ మాటలూ వినిపిస్తున్నాయి. తమ జట్టు గెలిస్తే అది ఆటగాళ్ల గొప్పతనం, ఓడితే మాత్రం రిఫరీ చేసిన మోసం! ‘రిఫరీ అమ్ముడుపోయాడు, బెట్టింగ్ వాళ్లు ముందే అంతా మాట్లాడేసుకున్నారు’ అని నిమిషంలో తేల్చేస్తారు. ఆటే కదా అని మనం నవ్వి ఊరుకుంటాం. కాని ఒక మనిషి లంచం తిన్నాడని తీర్పు చెప్పడం చిన్న మాటా? ఒకవేళ అది నిజమే అయితే నవ్వి ఊరుకోవడం తగునా? ఈ రెండు ప్రశ్నలకూ జర్మనీ ఫుట్‌బాల్‌లో జరిగిన ఒక ఉదంతం జవాబు చెబుతుంది.

2004 ఆగస్టు 21న జర్మన్ కప్ పోటీల మొదటి రౌండులో పాడర్‌బోర్న్ అనే మూడో శ్రేణి జట్టు, పేరుమోసిన హాంబర్గ్ జట్టుతో తలపడింది. హాంబర్గ్ రెండు గోల్స్ ఆధిక్యం సంపాదించింది. ఇక గెలుపు దానిదే అనుకుంటుండగా ఆట తిరగబడింది. రిఫరీ రాబర్ట్ హోయ్‌జర్ పాడర్‌బోర్న్‌కు రెండు పెనాల్టీలు ఇచ్చాడు. హాంబర్గ్ ఆటగాడు ఎమిల్ ఎంపెంజాను రెడ్ కార్డు చూపి బయటికి పంపాడు. చివరికి చిన్న జట్టు 4-2తో గెలిచింది. హాంబర్గ్ అభిమానులు గగ్గోలు పెట్టారు. ఓడిన వాళ్ల ఏడుపు ఎప్పుడూ ఉండేదే అని లోకం పట్టించుకోలేదు. ఐదు నెలలు గడిచాక తేలిందేమిటంటే, ఆ ఏడుపే నిజం!

బెర్లిన్‌లో ఆంటే సపీనా అనే జూదరి ఉండేవాడు. గెలవదని అందరూ అనుకునే జట్టుమీద పందెం కాస్తే, అది గెలిచినప్పుడు వచ్చే సొమ్ము ఎక్కువ. అలాంటి జట్టును గెలిపించడానికి పదకొండు మందిని కొననక్కర్లేదు, విజిల్ పట్టుకున్న ఒక్కడిని కొంటే చాలు. పాతికేళ్ల హోయ్‌జర్ దాదాపు 67 వేల యూరోలకు, ఒక ప్లాస్మా టీవీకి తన విజిల్‌ను అమ్ముకున్నాడు. మొదట కాదని బుకాయించాడు. 2005 జనవరి 27న తప్పు ఒప్పుకున్నాడు. ఆ నవంబరులో బెర్లిన్ కోర్టు అతడికి రెండేళ్ల ఐదు నెలలు, సపీనాకు రెండేళ్ల పదకొండు నెలలు జైలుశిక్ష విధించింది. ఆ శిక్షతోనైనా సపీనా మారలేదు. 2009లో మళ్లీ అరెస్టయ్యాడు. ఈసారి యూరప్ దేశాల్లో దాదాపు 200 మ్యాచ్‌లు దర్యాప్తు కిందికి వచ్చాయి.

హోయ్‌జర్ దొరికిపోయింది అభిమానుల కేకలవల్ల కాదు. అతడి తోటి రిఫరీలు నలుగురు జర్మన్ ఫుట్‌బాల్ సంఘం దగ్గరికి వెళ్లి, ‘ఇతడి నడవడి మాకు అనుమానంగా ఉంది’ అని చెప్పడంవల్ల! స్టేడియంలో వేలమంది అరిచారు, ఆ అరుపు గాలిలో కలిసిపోయింది. నలుగురు పేరు పెట్టి, ముఖం చూపించి, చెప్పవలసిన చోట చెప్పారు, నిజం బయటపడింది. తోటివాడిమీద సాక్ష్యం చెప్పడం ఎవరికీ సులువు కాదు. మన వృత్తికే మచ్చ వస్తుందనే భయం ఒకవైపు, స్నేహం మరోవైపు నోరు నొక్కుతాయి. అయినా వాళ్లు మాట్లాడారు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కాని ఆ నలుగురిలో ఫెలిక్స్ జ్వాయర్ అనే యువకుడు కూడా ఉన్నాడు. హోయ్‌జర్ దగ్గర 300 యూరోలు తీసుకున్నాడని, ఆ సంగతి వెంటనే చెప్పలేదని ఫుట్‌బాల్ సంఘం అతణ్ణి ఆరు నెలలు నిషేధించింది. తాను డబ్బు తీసుకోలేదని ఆయన చెబుతూ వచ్చారు. ఏ మ్యాచ్‌నైనా ఆయన తారుమారు చేశాడని తేలలేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ నిషేధం సంగతి ఆనాడు జనానికి తెలియనివ్వలేదు. 2014లో ఒక జర్మన్ పత్రిక బయటపెట్టేదాకా అది కాగితాల్లోనే ఉండిపోయింది. అప్పటికి జ్వాయర్ పెద్ద మ్యాచ్‌లకు రిఫరీ అయిపోయారు.

2021 డిసెంబరు 4న డార్ట్‌మండ్, బాయెర్న్ మ్యూనిక్ జట్ల మధ్య మ్యాచ్‌కు ఆయనే రిఫరీ. డార్ట్‌మండ్ అడిగిన పెనాల్టీ ఆయన ఇవ్వలేదు. వీడియో చూసి బాయెర్న్‌కు పెనాల్టీ ఇచ్చారు. డార్ట్‌మండ్ 2-3తో ఓడిపోయింది. 18 ఏళ్ల ఆటగాడు జూడ్ బెల్లింగ్‌హమ్ టీవీ కెమెరా ముందే ఆ పాత మరక ఎత్తిచూపి, అలాంటివాడికి ఇంత పెద్ద మ్యాచ్ అప్పగిస్తే ఇంకేం ఆశిస్తాం అన్నట్టు మాట్లాడాడు. ఫుట్‌బాల్ సంఘం అతడికి 40 వేల యూరోల జరిమానా వేసింది. జ్వాయర్ కొన్ని వారాలు మైదానానికి దూరంగా ఉన్నారు. ఎప్పుడో వెలుగులో పెట్టి తేల్చేయవలసిన సంగతిని మూసిపెట్టినందుకు, పదిహేనేళ్ల తరువాత కూడా ఆ మనిషిని అనుమానం వెంటాడింది!

తరువాత జరిగింది మరీ విచిత్రం. 2024 జులై 10న అదే డార్ట్‌మండ్ నగరంలో యూరో కప్ సెమీఫైనల్. ఇంగ్లండ్, నెదర్లాండ్స్ తలపడ్డాయి. రిఫరీ జ్వాయర్, ఇంగ్లండ్ జట్టులో బెల్లింగ్‌హమ్. ఆ పాత కక్ష మనసులో పెట్టుకుని ఈ రిఫరీ తమకు అన్యాయం చేస్తాడేమోనని ఇంగ్లండ్ అభిమానులు బెంగపడ్డారు. మ్యాచ్ మొదలయ్యాక వీడియో చూసి ఆయన పెనాల్టీ ఇచ్చింది ఇంగ్లండ్‌కే! హ్యారీ కేన్ దాన్ని గోల్ చేశాడు, ఇంగ్లండ్ 2-1తో గెలిచింది. ఇప్పుడు అన్యాయం అన్నది నెదర్లాండ్స్ వైపువాళ్లు. ఉదయం ఒకరు అనుమానించిన మనిషినే రాత్రికి రెండోవాళ్లు తప్పుపట్టారు. మనిషి మారలేదు, విజిల్ మారలేదు. చూసేవాళ్ల చొక్కా రంగు మారిందంతే.

ఈ ఉదంతంలో దేవుని వాక్యం మనతో రెండు వైపులా మాట్లాడుతోంది. నిర్గమకాండము 23వ అధ్యాయం లేనిపోని వార్తను పుట్టించవద్దని, గుంపుతో కలిసి న్యాయాన్ని వంకర చేయవద్దని హెచ్చరిస్తుంది. ఒక మనిషిమీద నేరం నిలవాలంటే ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం కట్టడ చేస్తుంది. మన కోపం సాక్షి కాదు, మన జట్టు ఓటమి సాక్ష్యం కాదు. హోయ్‌జర్ విషయంలో అభిమానుల అనుమానం నిజమైంది కాబట్టి ప్రతి అనుమానమూ నిజమేనని ఎలా అంటాం? అయితే అదే నిర్గమకాండము 23వ అధ్యాయం, లంచం కళ్లున్నవాణ్ణి కూడా గుడ్డివాణ్ణి చేస్తుందని అంతే గట్టిగా చెబుతోంది. కాబట్టి అనుమానించిన ప్రతివాణ్ణీ నోరు మూసుకోమనడమూ వాక్యానుసారం కాదు.

మరి దారేది? సమూయేలును చూడండి. బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా ఉన్న ఆయన కుమారులు లంచాలు తిని న్యాయం తప్పారు. ఆ మరక తండ్రిమీద పడకుండా ఉంటుందా? పెద్దవాడైన సమూయేలు ఏం చేశాడు? ‘నన్నే శంకిస్తారా’ అని గర్జించలేదు. 1 సమూయేలు 12వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులందరి ఎదుట నిలబడి, ఎవరి ఎద్దునైనా నేను తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, ఉంటే చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అని తానే అడిగాడు. తీర్పు తీర్చినవాడు తీర్పుకు నిలబడ్డాడు. ప్రజలు ఆయనలో ఏ తప్పూ లేదని సాక్ష్యమిచ్చారు. అనుమానానికి మందు జరిమానా కాదు, మౌనం కాదు, వెలుగే.

ఈ మాట రాస్తూ సంఘకాపరులమైన మేము ముందుగా మావైపే వేలు చూపుకోవాలి. పాస్టరేట్ కమిటీ ఎన్నికలయ్యాక ఓడినవారు ఏమంటున్నారో మనకు తెలియదా? కానుకల లెక్కలు నెలల తరబడి చదవకపోతే బల్లల వెనక గుసగుసలు పుట్టవా? బైబిల్ క్విజ్‌లో న్యాయనిర్ణేత మేనకోడలికే మొదటి బహుమతి వస్తే పిల్లల మొహాలు ఎలా ఉంటాయి? ఆ గుసగుసలు చాలావరకు అబద్ధాలే కావచ్చు. కాని వాటికి చోటిచ్చింది ఎవరు? యెరూషలేములోని బీదల కోసం కానుకలు చేరవేసేటప్పుడు పౌలు ఒంటరిగా వెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంట తీసుకెళ్లాడు. ప్రభువు ఎదుట మాత్రమే కాదు, మనుష్యుల ఎదుట కూడా యోగ్యంగా కనిపించాలన్నది ఆయన శ్రద్ధ (2 కొరింథీ 8:20, 21). పౌలు నిజాయితీని దేవుడు ఎరుగును కదా, ఇక సాక్షులెందుకు అని ఆయన అనుకోలేదు. ఇద్దరు కలిసి లెక్కపెట్టడం, నెలనెలా లెక్క చదవడం, బంధువు పోటీలో ఉంటే న్యాయనిర్ణేత కుర్చీ దిగడం, ఇవి అవిశ్వాసానికి గుర్తులు కావు. సహోదరుణ్ణి పాపపు తలంపునుండి తప్పించే ప్రేమకు గుర్తులు.

యవ్వనస్థులకు ఒక మాట. హోయ్‌జర్ చేతిలో పడిన ఆ యూరోలు పందేల లోకంలోంచి వచ్చినవే. పందెం కాసేవాడు ‘నా డబ్బు, నా ఇష్టం’ అనుకుంటాడు. కాని అలాంటి వేలమంది కాసే డబ్బే సపీనా లాంటివాళ్లకు వేట మైదానం. మన తెలుగు నేలలో ఫోన్‌లోని బెట్టింగ్ యాప్‌లు ఎన్ని ఇళ్లల్లో అప్పులు మిగిల్చాయో కాపరులుగా మేము చూశాం, కన్నీళ్లతో ప్రార్థించాం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం యాప్‌ను మూయగలదు, ఆశను మూయలేదు. పందెం కాస్తూనే రిఫరీ అమ్ముడుపోయాడని తిట్టేవాడు, ఆ బజారులో తానూ ఒక కొనుగోలుదారుడని మరచిపోతున్నాడు.

వచ్చే శనివారం మన జట్టు ఓడిపోవచ్చు. రిఫరీ నిజంగానే పొరబడి ఉండవచ్చు. అప్పుడు నోటిదాకా వచ్చిన ‘అమ్ముడుపోయాడు’ అనే మాటను ఒక్క క్షణం ఆపి చూద్దాం. మన దగ్గర సాక్ష్యం ఉంటే ఆ నలుగురిలా చెప్పవలసిన చోట చెబుదాం. లేకపోతే ఊరుకుందాం. ఆదివారం మన చేతికే ఒక లెక్కో, ఒక ఓటో, ఒక తీర్పో వచ్చినప్పుడు సమూయేలులా అందరి ముందూ నిలబడి, అడగండి, చెబుతాను అనగలిగేలా బతుకుదాం.