30 కిలోల బ్యాగు, 50 డిగ్రీల ఎండ

మా హాస్టల్లో చాలామంది ఇండ్లల్లో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. నాయనో, అన్నో, బావో, మేనమామో. ఎవరూ లేకున్నా, పోయేవాళ్ళను చూడని వాళ్ళు మాలో లేరు. కామారెడ్డి, నిజామాబాద్ బండ్లు మేడ్చల్ దగ్గర, సిరిసిల్ల, కరీంనగర్ బండ్లు శామీర్‌పేట దగ్గర, నర్సాపూర్ దిక్కు నుంచి వచ్చేవి మా గండిమైసమ్మ పక్కనే దుండిగల్ దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాద్ విమానాశ్రయానికి పోతాయి. బండి మీద తాళ్ళతో కట్టిన బ్యాగులు, లోపల ఏడ్చి ఏడ్చి అలసిన ఆడవాళ్ళు. ఆ బ్యాగులను చూసినప్పుడల్లా మాకు ఒక ప్రశ్న వస్తుంది. అందులో పోయేవానికి పనికొచ్చేవి ఎన్ని?

మా గదిలోని ఒక మిత్రుని చిన్నాయన పోయిన ఏడాది దుబాయ్ పోయినప్పుడు బ్యాగు సర్దింది మేమే. అనుమతి 30 కిలోలు. తూకం వేస్తే 38 వచ్చింది. విప్పి చూస్తే ఆయన బట్టలు నాలుగు జతలు. మిగిలినవన్నీ మామిడికాయ తొక్కు, సకినాలు, కారం, మసాలా పొడి, అక్కడున్న మరో నలుగురి ఇండ్ల నుంచి వచ్చిన పొట్లాలు. ఊళ్ళో నుంచి ఒక్కడు పోతున్నాడంటే వాడకట్టంతా ఒక్కో పొట్లం తెచ్చి పెడుతుంది. వద్దంటే "అప్పుడే గొప్పోడైండు" అంటారు. ఆయన మొగమాటంతో ఒక్కటీ తీయనీయలేదు. చివరికి తీసేసినవి ఆయన సొంత దుప్పటి, చెప్పుల జత.

తొక్కు పెట్టొద్దని మేము అనము. క్యాంపులో పప్పు, అన్నం తిని విసిగిన నోటికి అమ్మ చేతి తొక్కు ఎంత ఆసరానో మాకు తెలుసు, హాస్టల్ పిల్లలకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. కాని ఇతరుల పొట్లం విప్పి చూడకుండా బ్యాగులో పెట్టడం తప్పని గట్టిగా అంటాము. మన మటన్ మసాలాలో గసగసాలు కలిపి దంచుతారు. మనకది వంట దినుసు. యుఏఈలో, సౌదీ అరేబియాలో అది మాదక ద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క నుంచే. అక్కడి అధికారికి అది ఎవరి ఇంటి మసాలానో అక్కర లేదు, ఎవరి బ్యాగులో దొరికితే వాడే నేరస్థుడు. అప్పు చేసి, ఏజెంటుకు కట్టి, చివరికి ఒక మసాలా పొట్లం కోసం జైలుకు పోవడం కంటే వాడకట్టు మాట పడడం మేలు.

మందుల సంగతీ అంతే. నడుము నొప్పికి మన దగ్గర వాడే ట్రమడాల్, దగ్గు మందులోని కోడీన్ అక్కడ నియంత్రిత మందులు. యుఏఈకి అలాంటివి తీసుకుపోవాలంటే ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి ఉండాలి. బీపీ, షుగర్ గోలీలు తీసుకుపోవచ్చు, కాని గోలీలను అట్టలోంచి తీసి ప్లాస్టిక్ కవరులో కలిపి పోయొద్దు. అసలు అట్టతో, డాక్టరు చీటీతో, ఇంగ్లీషులో మందు పేరుతో ఉండాలి. అవి చేతి సంచిలోనే ఉండాలి, ఎందుకంటే పెద్ద బ్యాగు దారి తప్పితే ఆ రాత్రి షుగర్ గోలీ ఎవరు తెచ్చిస్తారు?

మరి ఏం పెట్టాలి? పని బట్టలు కంపెనీ ఇస్తుంది కనుక వదులుగా ఉండే నూలు బట్టలు మూడు జతలు చాలు. నిండు చేతుల అంగీలు మేలు, ఎండలో చేతులు బయట పెడితే చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. రెండు తువ్వాళ్ళు, లుంగీ, చెప్పులు, లీటరు నీళ్ళ సీసా, పది ఓఆర్ఎస్ పొట్లాలు. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాగితాల జిరాక్సులు ఒక జత బ్యాగులో, ఒక జత ఇంట్లో, ఫోటోలు ఫోనులో. ఇవన్నీ కలిపి 15 కిలోలు దాటవు. మిగిలిన దాంట్లో తొక్కు పెట్టుకోండి.

ఇక ఎండ. "మనకు ఎండ కొత్తనా" అని మావాళ్ళు అంటారు. కొత్త కాదు, నిజమే. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు, అంటే అలవాటున్న మనుషులే చనిపోయారు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులైలో 53.9 డిగ్రీలు నమోదైంది. 2024 జూన్‌లో హజ్ సమయంలో మక్కాలో 51.8 డిగ్రీలు కాసినప్పుడు 1,301 మంది యాత్రికులు మరణించారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. దుబాయ్, దోహా సముద్రం ఒడ్డున ఉన్నవి. అక్కడ ఉక్కపోత మరో బాధ. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మన ఏప్రిల్ ఎండను తట్టుకున్న ధైర్యం అక్కడ పనికిరాదు.

అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. శరీరం కొత్త వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి రోజుల్లోనే. కొత్తగా వచ్చినవానికి మొదటి రోజు ఐదో వంతు పని మాత్రమే ఇచ్చి, రోజుకింత పెంచాలని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఆ అలవాటు నెల రోజులు దూరంగా ఉంటే పోతుంది కూడా. చెల్లె పెండ్లికి నెల సెలవు మీద వచ్చి జూన్‌లో తిరిగిపోయే అన్న, పదేండ్లుగా అక్కడున్నా సరే, ఆ వారం మళ్ళీ కొత్తవాడే. మా మాట వింటే, మొదటిసారి పోయేవాళ్ళు నవంబరు, డిసెంబరులో పోవడం మంచిది. వీసా తేదీ మన చేతిలో ఉండదని తెలుసు. అడిగి చూడడంలో తప్పు లేదు.

దప్పిక అయ్యేదాకా ఆగకుండా పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి. మూత్రం లేత పసుపులో ఉంటే సరి, ముదురు రంగులో వస్తే ఒంట్లో నీళ్ళు తక్కువైనట్టు. ఏళ్ళ తరబడి అలా ఎండిపోతే మూత్రపిండాలు చెడతాయి. పాతికేండ్లకు పోయిన పిల్లగాడు ముప్పై అయిదుకు డయాలసిస్ కోసం ఇంటికొస్తే ఆ సంపాదన ఎటు పోయినట్టు? ఓఆర్ఎస్ దొరకకపోతే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. పక్కవాడు తడబడి మాట్లాడినా, ఒళ్ళు కాలుతూ తూలిపోయినా అది వడదెబ్బ. నీడకు లాగి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, విసురుతూ అంబులెన్సును పిలవాలి. స్పృహ లేనివాని నోట్లో నీళ్ళు పోయరాదు.

ఇంత చెప్పాక కూడా ఒక మాట మిగిలే ఉంది. సీసా మనమే కొనుక్కుపోతాము, కాని దాన్ని నింపుకోను నీళ్ళు, తాగను తీరిక, పోవను మరుగుదొడ్డి ఇవ్వవలసింది యజమాని. అక్కడ చట్టాలు లేకపోలేదు. యుఏఈలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా బయట పని నిషేధం. సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు ఉదయం 10 నుంచి 3:30 వరకు. ఈ గంటలు మనవాళ్ళలో చాలామందికి తెలియవు. తెలియని హక్కును ఎవరు అడుగుతారు? ఖతార్‌లో 2009 నుంచి 2017 వరకు మరణించిన నేపాల్ కార్మికుల మీద 2019లో వచ్చిన అధ్యయనం, గుండె జబ్బు కింద రాసిన మరణాలు ఎండాకాలంలో పెరిగాయని చూపింది. ఎండకు పోయిన ప్రాణం కాగితం మీద సహజ మరణం అవుతుంది. మన దేశపు ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షలు ఇచ్చేది ప్రమాద మరణానికి. అలాంటప్పుడు వెనక మిగిలిన అమ్మకు, పిల్లలకు ఆ కాగితం మీది ఒక్క మాట ఎంత ఖరీదో లెక్క వేసుకోవచ్చు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వాలని 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. మంచిదే. చావు తర్వాత ఇచ్చేదానికంటే పోయే ముందు చెప్పేది కొంతైనా ఎక్కువ ఉండాలని మా అభిప్రాయం.

ఎదుటివాళ్ళను అనేముందు మా గండిమైసమ్మ చుట్టూ కూడా చూడాలి. ఇక్కడి బిల్డింగుల మీద ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన అన్నలు ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద కాదు, రేకుల మీద పని చేస్తుంటారు. వాళ్ళకు దుబాయ్ మనమే. అక్కడున్న మధ్యాహ్నపు విరామం లాంటి నిషేధం ఇక్కడ వాళ్ళకు ఎందుకు లేదని మేము అడుగుతున్నాము.

పోయేవాళ్ళకు ప్రభుత్వం ఒక రోజు శిక్షణ ఇస్తుంది. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ అనుమతి కావాలి, పాసైనవారికి అక్కర లేదు. అంటే చదువుకున్నవాళ్ళు ఏ శిక్షణా లేకుండానే పోవచ్చు. మాలో కొందరు రేపు అలా పోయేవాళ్ళే. పైగా ఇంట్లో నాయన వీసా కాగితం, కాంట్రాక్టు చదివి పెట్టేది మేమే. కనుక వార్డెన్ సార్‌ను, సైన్సు టీచర్‌ను మేము కోరేది ఇది. వేసవి సెలవులకు మమ్మల్ని తీసుకుపోను తల్లిదండ్రులు వచ్చే రోజున ఒక గంట ఇవ్వండి. గసగసాల సంగతి, మధ్యాహ్నపు గంటలు, వడదెబ్బ గుర్తులు మేమే చెబుతాము. తూకం మిషన్, లీటరు సీసా, ఉప్పు, చక్కెర మేమే తెచ్చిపెడతాము.