"సిలబస్‌లో లేదు, కూర్చో"

పదో తరగతిలో విద్యుత్ పాఠం చెబుతున్నాను. తీగకు రెసిస్టెన్స్ ఉంటుంది, అందుకే కరెంటు పారితే వేడెక్కుతుంది అన్నాను. వెనక బెంచీ అబ్బాయి లేచి, "అసలు రెసిస్టెన్సే లేని తీగ ఉండదా సార్?" అని అడిగాడు. శనివారం టెస్టుకు ఇంకా రెండు టాపిక్‌లు మిగిలి ఉన్నాయి. "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ తర్వాత ఏమీ అడగలేదు.

ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటాను.

అలాంటి పదార్థాలు ఉన్నాయి. వాటిని సూపర్ కండక్టర్లు అంటారు. 1986లో స్విట్జర్లాండ్‌లో బెడ్నార్జ్, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు రాగి, ఆక్సిజన్ పొరలున్న పింగాణీ లాంటి పదార్థంలో సుమారు మైనస్ 238 డిగ్రీల దగ్గరే ఈ గుణం మొదలవడం చూశారు. అంతవరకు తెలిసినవాటికి ఇంకా ఎక్కువ చల్లదనం కావాలి. మరుసటి ఏడాదే వాళ్లకు నోబెల్ వచ్చింది. ఆ ఏడాదే అదే కుటుంబంలోని మరో పదార్థం మైనస్ 180 దగ్గర పనిచేసింది. సాగర్ కరెంటు నష్టం లేకుండా వినుకొండ చేరాలంటే మామూలు ఎండలోనూ పనిచేసేది కావాలి. దానికి ముందు ఇది ఎలా జరుగుతోందో తెలియాలి. నలభై ఏళ్లు కావస్తున్నా అది తేలలేదు.

చిక్కు ఇక్కడుంది. ఎలక్ట్రాన్లు జతలు కట్టి సాగితే రెసిస్టెన్స్ సున్నా అవుతుంది. కానీ ఈ పదార్థాల్లో అవే ఎలక్ట్రాన్లు మిర్చి చేలో సాళ్లలాగా ఒక చారలో గుమిగూడి, పక్క చారలో పలచబడతాయి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధకులు 1995లో ఈ చారల ఆనవాళ్లు చూపించారు. 2012లో ఎక్స్‌రేలతో చూస్తే, రెసిస్టెన్స్ పోయే చల్లదనానికి రాగానే ఈ చారలు బలహీనపడ్డాయి. అంటే రెండింటికీ పోటీ. అయితే నిలకడ లేకుండా పుడుతూ చెదురుతూ ఉండే చారలు ఎక్కువ ఉష్ణోగ్రతల్లోనూ ఉన్నాయని 2019లో తేలింది. లాంగ్ బెల్ కొట్టాక మన గేటు దగ్గర పిల్లల వరుసలు ఏర్పడుతూ విడిపోతూ ఉంటాయి చూడండి, అలాగ. ఈ కదిలే చారలు ఆ జతలకు అడ్డమా, సాయమా? దీనికి ఇంకా కీ రాలేదు.

ఈ పదార్థాలపై కాంతి పడేసి, చెదిరి వచ్చిన కాంతిని చదవడం పరిశోధనలో ఒక పద్ధతి. అది రామన్ ఎఫెక్ట్. దాన్ని చదవడానికి గ్రూప్ థియరీ అనే గణితం కావాలి. ఆ గణితాన్ని భౌతికశాస్త్రానికి ఎలా వాడాలో 1948లో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు పుస్తకంగా రాస్తే, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చువేసింది. అప్పటికి ఈ సూపర్ కండక్టర్ల ఊసే లేదు.

ఫీజు కట్టేది ర్యాంకు కోసమని మీలో కొందరు అంటారు. కాదనను. టెస్టులు ఉండాలి, బేసిక్స్ రానివాళ్లు ఇలాంటి ప్రశ్న దగ్గరికే రాలేరు. కానీ కీ ఉన్న ప్రశ్నలే నేర్పితే, కీ లేని ప్రశ్న ఎదురైన రోజు మన పిల్లలు చేతులెత్తేస్తారు. అందుకే వారానికి ఒక్క పీరియడ్ సిలబస్‌లో లేని ప్రశ్నలకు ఇవ్వాలని నేను మేనేజ్‌మెంట్‌ను అడుగుతున్నాను. మీరూ అడిగితే బలం.

శనివారం సాయంత్రం ఎన్ని మార్కులొచ్చాయో అడగండి. దానితోపాటు, "ఈ వారం సార్ చెప్పలేకపోయిన ప్రశ్న ఏంట్రా?" అని కూడా అడగండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు మార్కుల కాగితంతోపాటు ఆ ప్రశ్నా తీసుకురండి. ఈసారి కూర్చోమనను.

— ఫిజిక్స్ ఉపాధ్యాయుడు, వినుకొండ బ్రాంచ్